లస్కర్ చీటీ

దేశం కోసం ప్రార్థన చేయమంటే వేములపల్లి సంఘంలో అందరికీ నిద్ర వచ్చేది. అంతమాత్రాన వాళ్ల భక్తిని శంకించాల్సిన పని లేదు. ఎవరి బిడ్డకో జ్వరమని చెబితే కళ్లనీళ్లు పెట్టుకొని గంటసేపు అడిగేవాళ్లు. బర్రె ఈనలేక అవస్థ పడుతున్నదంటే మోకాళ్ల మీద పడిపోయేవాళ్లు. దేశం మాత్రం మరీ పెద్దది, మరీ దూరంలో ఉన్నది. దాన్ని ఎక్కడ పట్టుకొని పైకి లేపాలో ఎవరికీ అంతు చిక్కేది కాదు. 'ప్రభువా, మా దేశాన్ని దీవించు' అన్నాక రెండో మాట దొరికేది కాదు. పొద్దంతా వరిలో కలుపు తీసి వచ్చిన ఒళ్లు కదా, తలలు వాటంతటవే వాలిపోయేవి.

పాస్టర్ రాజారత్నం కోదాడ మనిషి. పొద్దున్నే రేడియోలో వార్తలు వినకుండా మంచినీళ్లు కూడా ముట్టడు. తొంభై ఒకటో సంవత్సరం ఫిబ్రవరిలో ఆ వార్తలు వినడమంటే గుండెల్లో రాయి పడడమే. రెండు నెలల కింద పట్నంలో మతాల గొడవలు లేచి, కర్ఫ్యూ పెట్టి, ఎంతమంది పోయారో లెక్క తేలలేదు. సంఘపెద్ద పెంటయ్య అల్లుడు తొమ్మిది రోజులు ఇల్లు కదల్లేక నూకల గంజితో బతికి వచ్చాడు. ఎక్కడో గల్ఫ్‌లో యుద్ధమట, మిర్యాలగూడలో కిరసనాయిలు దొరకడం మానేసింది. ఢిల్లీలో ప్రభుత్వం ఇవాళ ఉంటే రేపు ఉండేలా లేదు. ఇంత జరుగుతుంటే తన సంఘం 'దీవించు' అని ఒక్కమాట అనేసి కునుకు తీయడం రాజారత్నానికి కొరుకుడు పడలేదు.

అందుకని ఆ ఏడు నలభై దినాల ఉపవాస ప్రార్థనలు మొదలయ్యే ముందు ఆదివారం ఆయన ఒక రేకు డబ్బా పట్టుకొని వచ్చాడు. డబ్బాలో మడతపెట్టిన చీటీలున్నాయి.

"దేశం అంటే మట్టి కాదమ్మా, మనుషులు. దాన్ని నడిపేవాళ్లూ మనుషులే," అన్నాడు. "ఒక్కొక్కరు ఒక్కొక్కరిని పట్టుకోండి. చీటీలో ఏ పేరు వస్తే ఆ పేరే, నలభై రోజులూ. చీటీ మార్చుకోవడాలు లేవు. ఒక్క రోజు కూడా ఆ పేరు వదిలిపెట్టొద్దు. ఇంకొకటి. ఆ మనిషి అందేంత దగ్గర్లో ఉంటే, ఈ నలభై రోజుల్లో ఒక్కసారైనా వెళ్లి 'మీ కోసం ఏమని ప్రార్థన చెయ్యమంటారు' అని అడిగి రావాలి."

సంఘంలో ముప్ఫై మూడు ఇళ్లు. రాష్ట్రపతి, ప్రధానమంత్రి, గవర్నరు, ముఖ్యమంత్రి, కలెక్టరు, పోలీసు సూపరింటెండెంటు అని రాసుకుంటూ వచ్చిన రాజారత్నానికి పంతొమ్మిదో చీటీ దగ్గర పెద్దవాళ్లు అయిపోయారు. ఇక చేసేదిలేక మండలాఫీసులోకి దిగాడు. అక్కడి నుంచి పశువుల డాక్టరు, కరెంటు లైన్‌మన్, సూర్యాపేట బస్సు డిపో మేనేజరు దాకా వచ్చాడు. ఆ తర్వాత ఇంకెవరూ తోచక రాసిన చివరి ముప్ఫై మూడో చీటీయే చంద్రమ్మ చేతికి వచ్చింది.

చంద్రమ్మకు నలభై అయిదేళ్లు. భర్త పోయి ఆరేళ్లయింది, కొడుకు మిర్యాలగూడ రైసుమిల్లులో పనిచేస్తాడు. కాలువ చివర ఎకరంన్నర పొలం ఆమెదే, నాట్ల నుంచి కోతల దాకా ఆమె చేతి మీదే నడుస్తుంది. నోరు కొంచెం పెద్దది. ఆ నోటికి తగ్గ పెద్ద చీటీయే రావాలని డబ్బాలో చేయిపెట్టే ముందు గట్టిగా అనుకున్నది. ముందు తీసిన పెంటయ్యకు ప్రధానమంత్రి వచ్చాడు. ఆ క్షణం నుంచే పెంటయ్య నడక మారిపోయింది. పక్కన కూర్చున్న సాయమ్మకు సూర్యాపేట డిపో మేనేజరు వచ్చాడు. సాయమ్మకు వచ్చినంత మాత్రం తనకు రాకపోతుందా అనుకున్నది చంద్రమ్మ. చదువు రాదు కనుక చీటీని పాస్టరు చేతికిచ్చింది.

"కాలువ లస్కర్, హర్యా," అని చదివాడు ఆయన.

చంద్రమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

లస్కర్ అంటే కాలువ మీద తూముల షట్టర్లు ఎత్తి దించే చిన్న ఉద్యోగి. హర్యాది కాలువ పక్కనున్న తండా. పేరుకు ప్రభుత్వ మనిషే గానీ చంద్రమ్మ దృష్టిలో అతను మనిషే కాదు. పోయిన ఏడు యాసంగి పంటలో వరి పాలు పోసుకునే సమయానికి కాలువ చివరకు నీళ్లు రాలేదు. ఆమె పరుగెత్తి పోయి తూము దగ్గర అతని కాళ్ల మీద పడింది. అతను ఆమె కళ్లెదుటే, కాస్త ఎత్తి ఉన్న షట్టరును కూడా దించేశాడు. ఎకరంన్నరా తాలు పోయింది. ఆ రోజే దోసెడు మన్ను తీసి తూము మీద పోసి, 'నా చేను ఎండినట్టే నీ ఇల్లు ఎండాలె' అని శపించి వచ్చింది. దేవుణ్ణి నమ్మినవాళ్లు మన్నెత్తి పోయవచ్చునా అని పాస్టరు మందలిస్తే, "మన్ను గూడ ఆయన జేసిందే గద అయ్యగారూ," అన్నది.

"అయ్యగారూ, ఇది మార్చుండ్రి. ఎస్సైనన్న ఇయ్యిండ్రి," అన్నదిప్పుడు.

"మార్చుకోవడాలు లేవన్నానా, లేదా?"

"పెంటన్నకు పరధానమంత్రి, నాకు లస్కరా?"

"ప్రధానమంత్రి ఢిల్లీలో ఉంటాడు. పెంటయ్యగారు వెళ్లి అడగలేరు. మీ లస్కరు అర కోసు దూరంలో ఉన్నాడు. ఈ డబ్బాలో అన్నిటికన్నా కష్టమైన చీటీ మీదేనమ్మా," అన్నాడు రాజారత్నం. ఆమెను ఓదార్చడానికే అన్నాడు గానీ ఆమెకు అది పుండు మీద కారం చల్లినట్టయింది.

చంద్రమ్మ చీటీని కొంగు చివర ముడివేసింది. "లస్కర్‌ను కొంగుకు కట్టుకుంటివి గదనే," అని సాయమ్మ నవ్వితే, "కట్టుకున్నోడు పోయిండు, వీడొచ్చిండు," అని విసురుగా లేచి వెళ్లింది.

ఉపవాసాలు మొదలయ్యాయి. మధ్యాహ్నం మూడింటిదాకా పచ్చినీళ్లతో ఉండి, రేకుల గుడిలో కూర్చొని ఎవరి చీటీ మనిషి కోసం వాళ్లు ప్రార్థన చేయాలి. దేశం కోసం ఆ సంఘం అంత మెలకువగా ఎన్నడూ ప్రార్థించలేదు. డిపో మేనేజరు పేరు చెప్పి సాయమ్మ ఏడుస్తుంటే ఆయనకేదో ప్రాణం మీదికి వచ్చిందేమో అనిపించేది. చంద్రమ్మ మాత్రం మొదటి వారమంతా, "ప్రభువా, హర్యా ఉన్నడు. వాడెట్లాంటోడో నీకెరికే," అని ఊరుకునేది. అబద్ధం చెప్పలేదు కదా అని ఆమె ధైర్యం.

ఉపవాసం ఉన్న కడుపుకు కోపం ఎక్కువ. రెండో వారం కల్లా ఆమె ప్రార్థన పొడుగైంది. "ప్రభువా, వాన్ని చంపమంటలేను. మంచి పెండ్లాం, పిల్లలున్నోడు. కొన్ని దినాలు మంచం చూపెట్టు, అంతే. ఆ జాగల ఇంకో లస్కర్ను పంపు. నా చేను బతుకుతది." చంపవద్దని అడగడంలోనే తన మంచితనం అంతా ఉందని ఆమెకు నిజంగానే అనిపించింది. గుడిలోనే కాదు, కలుపు తీస్తూ కూడా అదే మాట. పెదాలు కదులుతూనే ఉండేవి.

ఒకరోజు పక్క గెట్టు మీద కూలికి వచ్చిన చాందీ అది చూసింది. చాందీ ఆ తండా పిల్ల, హర్యాకు మరదలి వరస.

"ఏమనుకుంటున్నవ్ అక్కా లోలోపల?" అని అడిగింది.

"మీ హర్యా పేరే," అన్నది చంద్రమ్మ తల ఎత్తకుండా.

"ఆయన పేరెందుకు?"

"మా అయ్యగారు చీటీ రాసిచ్చిండు. ఇగో, కొంగుల కట్టుకున్న. నలభై దినాలు ఒక్క పొద్దుండి ఆయన పేరే అనాలె."

చాందీ చేతిలో కలుపు కింద పడిపోయింది. మధ్యాహ్నం కూలి కూడా అడగకుండా తండాకు వెళ్లిపోయింది. ఈ పిల్లకేమైందని చంద్రమ్మ ఒక్క నిమిషం అనుకొని మరిచిపోయింది.

ఇరవై రెండో రోజు ప్రధానమంత్రి రాజీనామా చేశాడు. ఆ మాట వినగానే రాజారత్నం రేడియో కట్టేశాడు. పెంటయ్య రెండు రోజులు గుమ్మం దాటలేదు. మూడో రోజు గుడికి వస్తే అందరూ చుట్టుముట్టారు.

"నువ్వు పట్టుకున్నంక పడిపోయిండు గద పెంటన్నా. ఎట్ల జేసినవ్ ప్రార్థన?" అన్నది చంద్రమ్మ.

"నేను నిలబెట్టుమనే అడిగిన," అన్నాడు పెంటయ్య దిగులుగా. "దేవుడు వద్దన్నడు. నేనేం జేయాలె?"

"మనిషి పోయినా కుర్చీ ఉంటుంది. కుర్చీ కోసం ప్రార్థించండి," అని రాజారత్నం సర్దిచెప్పాడు. అందరికన్నా ఎక్కువ నవ్వింది చంద్రమ్మే. ఆ నవ్వు సాయమ్మ చెప్పిన తర్వాతి మాటతో ఆగిపోయింది.

"నీ లస్కర్ గూడ పడ్డడట గదనే. పది దినాలాయె మంచంల ఉన్నడు. జ్వరం దిగుతలేదంట. ఎవరో మంత్రగాడు చూసి, ఒక ఆడమనిషి వీని పేరు కొంగుల ముడేసింది, నలభై దినాల్ల మనిషి ఖతం అన్నడంట. తండా అంతా నీ పేరే చెప్పుకుంటున్నరు."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు చంద్రమ్మ చెయ్యి కొంగు మీదికి పోయింది. మంచం చూపెట్టమన్నది. చూపెట్టాడు.

ఆ రోజుల్లో చేతబడి చేసిందన్న మాట ఒక ఆడమనిషి మీద పడితే పళ్లు ఊడగొట్టేదాకా పోయేది, ఒక్కోసారి ప్రాణం తీసేదాకా పోయేది. ఆ సంగతి చంద్రమ్మకు తెలుసు, భయమూ వేసింది. కానీ అంతకన్నా పెద్ద భయం ఇంకొకటి ఉన్నది. తండావాళ్లు అన్నది అబద్ధమని ఆమె నోరు తెరిచి చెప్పడానికి లేదు. పేరు ముడి వేసింది నిజం, పస్తులుండి వాడు పడిపోవాలని కోరింది నిజం. దేవుడి దగ్గర కూర్చొని చేస్తే మాత్రం దానికి పేరు మారుతుందా?

ఇంటికి పోకుండా కాలువ వైపు నడిచింది. తూము దగ్గర లస్కర్ లేడు. అతను లేకపోతే తన చేను బతుకుతుందని కదా అడిగింది. కాలువకు అడ్డంగా ఇసుక బస్తాలు పేర్చి ఉన్నాయి, పైఊరి పెద్దరైతు ఆయిలింజన్లు రెండు దడదడమంటూ నీళ్లు తోడుతున్నాయి. తూము కింద కాలువలో కప్పలు కూడా లేవు. ఆమె చేను అప్పుడప్పుడే పొట్టకొచ్చింది. వంతులవారీగా వదిలే నీళ్లు అప్పటికే రెండుసార్లు తప్పిపోయాయి, మూడోసారి కూడా తప్పితే పోయిన ఏడు కథే. హర్యా నిలబడి ఉన్నందువల్లే ఇన్నాళ్లూ ఆ కొద్దిపాటి తడైనా కిందికి దిగిందన్న సంగతి, ఆ ఇంజన్ల చప్పుడు వింటూ గట్టు మీద నిలబడ్డప్పుడు ఆమెకు మొదటిసారి తోచింది.

పాస్టరు దగ్గరకు పోయి ఉన్నదున్నట్టు చెప్పేసింది. "నేను మంచం అడిగిన అయ్యగారూ. నా నోటితోని నేనే అడిగిన. రేపు తండాకు పోయి చెప్పొస్త."

రాజారత్నం ఆమెను కూర్చోమన్నాడు. "దేవుడు నీ చేతిలో దుడ్డుకర్ర కాదమ్మా, ఎవరిని చూపిస్తే వాళ్లని కొట్టడానికి. జ్వరం ఏ నీళ్ల వల్లనో వచ్చి ఉంటుంది. కానీ అడిగింది మాత్రం నువ్వు అడిగావు. అది నీదే," అన్నాడు. తర్వాత, "తండాకు నేనూ వస్తాను," అన్నాడు.

"మీరొస్తే మంత్రం ఇంకా గట్టిదనుకుంటరు. నేనే పోత."

"కొడతారేమో."

"కొడితే కొడ్తరు."

మరునాడు పొద్దెక్కాక ఒక్కతే తండాకు పోయింది. వద్దన్నా వినకుండా రాజారత్నం సైకిలేసుకొని కాలువ గట్టుదాకా వచ్చి అక్కడే నిలబడ్డాడు. తండాలో ఆమెను చూసిన పిల్లలు ఇళ్లలోకి పరుగెత్తారు. హర్యా గుడిసె ముందు మనుషులు పోగయ్యారు. తండా పెద్ద ఫూల్‌సింగ్ మంచం మీద నుంచి లేచి నిలబడ్డాడు. హర్యా భార్య భూలి గుమ్మానికి అడ్డంగా రెండు చేతులూ పెట్టి నిలుచున్నది.

"లోపలికి అడుగు పెడితే ఊకోను," అన్నది భూలి. "ఆయన పేరు నీ కొంగుల ఉన్నదా లేదా? ముందు అది చెప్పు."

"ఉన్నది."

జనంలో గుసగుస లేచింది. ఎవరో కర్ర అందుకున్నారు.

చంద్రమ్మ దారంతా ఒక అబద్ధం పేర్చుకుంటూ వచ్చింది. అయ్యో, నేను మేలే అడిగానమ్మా అని చెబుదామనుకున్నది. భూలి కళ్లు చూసేసరికి ఆ అబద్ధం నోట్లోనే చచ్చిపోయింది. పది రోజులుగా నిద్ర లేని కళ్లు. తన భర్త మంచాన పడ్డప్పుడు తన కళ్లూ అట్లాగే ఉండేవి.

"దేశం బాగుండాలని మా అయ్యగారు అందరి పేర్లు చీటీలు రాసి పంచిండు. కలెక్టర్ పేరుంది, మంత్రుల పేర్లున్నయ్. నాకు మీ ఆయన పేరొచ్చింది. మంచి అడుగుమన్నరు నన్ను. నేను అడగలే. పోయిన ఏడు నా చేను ఎండిందని కడుపుల పెట్టుకొని, వీనికి మంచం చూపెట్టుమని అడిగిన. సావు అడగలే, ఏసయ్య మీద ఆన. మంచం మాత్రం అడిగిన. తప్పే. మంత్రాలు నాకు రావు, చదువే రాదు. కొట్టాలనుకుంటే కొట్టుండ్రి," అని కొంగు ముందుకు లాగి ముడి విప్పింది.

అందరూ మెడలు సాచి చూశారు. వెంట్రుకలో, పసుపు దారమో, నిమ్మకాయ ముక్కో బయటపడుతుందనుకున్నారు. చెమటకు మెత్తబడిన నోటుబుక్కు కాగితం ఒకటి బయటపడింది. భూలి దాన్ని తీసుకొని ఇటూ అటూ తిప్పి చూసింది.

"గింతేనా?"

"గింతే. నువ్వే ఉంచుకో."

లోపలి నుంచి హర్యా గొంతు సన్నగా వినిపించింది. "ఆమెను రానియ్యి."

అతని ఒళ్లు పెనంలా కాలిపోతున్నది, కళ్లు లోపలికి పోయాయి. పోయిన ఏడు తాను కాళ్లు పట్టుకున్న మనిషి ఇతనేనా అనిపించింది చంద్రమ్మకు. ఏం మాట్లాడాలో తెలియక పాస్టరు చెప్పిన మాటే అడిగింది.

"నీ కోసం ఏమని ప్రార్థన జేయమంటవ్ హర్యా? అడిగి రమ్మన్నరు."

హర్యా నవ్వబోయి దగ్గాడు. "ఇన్నేండ్లల్ల నన్నెవరూ గీ మాట అడగలే. నీళ్లు ఎప్పుడిడుస్తవంటరు, అంతే. పదకొండు మైళ్ల కాలువ అక్కా, ఒక్కణ్ణి. పైనోళ్లు కర్రలు లేపుతరు, కిందోళ్లు మన్ను పోస్తరు. ఆ దినం కాలువ కట్టకు గండి పడ్డది. షట్టర్ దించకపోతే కట్ట మొత్తం కొట్టుకపోయేది. ఆ మాట చెప్పేలోపలనే నువ్వు మన్ను పోస్తివి."

చంద్రమ్మ తల దించుకున్నది. ఏడాది పాటు మోసిన కోపం అది. తీరా కింద దించి చూస్తే అందులో ఏమీ లేదు.

"మరి ఏమడగాలె?"

"తూము కాడ నా పక్కన ఇంకో మనిషి నిలబడాలని అడుగు. చాలు."

ఆమె అతని నుదురు మీద చేయి పెట్టి చూసి భూలి వైపు తిరిగింది. "మిర్యాలగూడ దవాఖానకు తీస్కపోలేదా ఇంకా?"

"పేరు ముడిపడ్డోనికి సూదేస్తే సస్తడన్నడు మంత్రగాడు," అన్నది భూలి.

"ముడి విప్పిన గద నీ ముంగటనే. ఇగ సూది పనిజేస్తది. లెవ్వు, బండి కట్టమను."

ఫూల్‌సింగ్ తన బండే కట్టించాడు. గట్టు మీద నిలబడ్డ పాస్టరు, కొట్లాట జరుగుతుందనుకుంటే బండి రావడం చూసి బిత్తరపోయాడు. తర్వాత సైకిలును రోడ్డుదాకా బండి వెనకే తొక్కి, బస్సు ఆపింది ఆయనే. దవాఖానలో టైఫాయిడ్ అన్నారు. ఇంకో నాలుగు రోజులు ఆలస్యమైతే కష్టమయ్యేదన్నారు. మందు పడ్డ నాలుగో రోజుకు జ్వరం దిగడం మొదలైంది.

తూము దగ్గర ఒక మనిషి నిలబడాలట. చంద్రమ్మ ఆ మాట మీద మోకాళ్లూని కూర్చున్నది గానీ ప్రార్థన సాగలేదు. ఈ పనికి దేవుణ్ణి తిప్పించడం ఎందుకు, తనకు రెండు కాళ్లున్నాయి కదా అనిపించింది. ఆదివారం గుడిలో లేచి నిలబడింది.

"అయ్యగారూ, ఈ రేకుల కింద ఉడికిపోతున్నం. మిగిలిన దినాలు తూము కాడ కూసొని ప్రార్థన జేద్దాం. గాడ కానుగ చెట్లున్నయ్, నీడుంటది."

"ప్రార్థనకా, నీళ్ల కాపలాకా?" అన్నాడు రాజారత్నం.

"రెంటికీ. కండ్లు మూసుకుంటే ప్రార్థన, తెరిస్తే కాపలా."

రాజారత్నం నవ్వు ఆపుకోవడానికి గొంతు సవరించుకున్నాడు. సోమవారం పొద్దున్నే ముప్ఫై మంది తూము దగ్గర చాపలు పరిచారు. షట్టరు ఎట్లా తిప్పాలో ఎవరికీ తెలియలేదు. చాందీ వచ్చి చూపించింది, బావ తిప్పుతుంటే చిన్నప్పటి నుంచి చూసిన పిల్ల. ప్రధానమంత్రి పోయి చేతులు ఖాళీగా ఉన్న పెంటయ్య ఆ చక్రం పట్టుకున్నాడు.

పదింటికి పైఊరి పెద్దరైతు జీతగాడు కాశీరాం పారతో వచ్చాడు. ఇంకో పది బస్తాలు వేసి రమ్మని అతని యజమాని పంపాడు. కాలువ గట్టు మీద ఇంతమంది ఆడవాళ్లు కళ్లు మూసుకొని, పెదాలు కదుపుతూ కూర్చొని ఉండడం చూసి దూరంగానే ఆగిపోయాడు. చంద్రమ్మ కళ్లు తెరిచింది.

"దా బిడ్డా. నీ పేరేంది?"

"పేరెందుకు?" అన్నాడు అనుమానంగా.

"ప్రార్థనల పెడ్తం."

తండా కబుర్లు పైఊరికి కూడా చేరాయి. కాశీరాం ముఖం పాలిపోయింది. "నా పేరొద్దమ్మా. మా దొర పంపితె వచ్చిన. నాకు చిన్నచిన్న పిల్లలున్నరు."

"ఏం గాదయ్యా. మంచే అడుగుతం," అన్నది చంద్రమ్మ. ఈసారి మనసులో కూడా అదే ఉన్నది. అతను నమ్మితే కదా. పార కింద పడేసి కాలువలోకి దిగి, వేసిన బస్తాలు కూడా ఒక్కొక్కటే తీసి గట్టు మీదికి విసిరాడు. పెంటయ్య జాలిపడి సాయం దిగాడు. పోతూపోతూ కూడా అతను వెనక్కి తిరిగి, "పేరు చెప్పలేదు, యాదుంచుకోండ్రి," అన్నాడు. సాయమ్మ చాప మీద పడి పడి నవ్వింది. చంద్రమ్మకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. మంచి అడుగుతామంటే మనిషి ఇంతగా భయపడ్డాడంటే అందులో తన పాలు ఎంత ఉన్నదో ఆమెకు తెలుసు.

సాయంత్రానికి నీళ్లు తూము దాటాయి. మరునాడు మధ్యాహ్నం ఆమె చేను గట్టు తాకాయి. చేను మొత్తం దక్కిందంటే అబద్ధమవుతుంది. చివరి ఆరు గుంటలు అప్పటికే ఎర్రబడిపోయాయి. మిగిలింది మాత్రం గింజ పట్టింది. ఆమె మడమల దాకా ఆ బురదలో దిగి నిలబడి, చాలా రోజుల తర్వాత పాట ఎత్తుకున్నది.

ఈస్టరు ఆదివారం నాడు సాక్ష్యాలు చెప్పించారు. సాయమ్మ సూర్యాపేట పోయి వచ్చిన కథ అరగంట చెప్పింది. డిపో మేనేజరు ముందు సంగతి అర్థం కాక పాసు కోసం వచ్చావా అన్నాడట. ఏమని ప్రార్థించాలని అడిగితే కుర్చీలోంచి లేచి, తలుపు వేసి, తాగుడు మానలేకపోతున్నానమ్మా అన్నాడట. అక్కడ సాయమ్మ ఆగి కళ్లు తుడుచుకున్నది. చంద్రమ్మ వంతు వచ్చింది. చిన్నగా చెప్పింది, దాచకుండా చెప్పింది. మంచం అడిగిన సంగతి కూడా చెప్పింది.

ఆమె కూర్చోబోతుండగా గుమ్మం దగ్గర అలికిడి అయింది. చెప్పులు విడిచిన చోట హర్యా, భూలి నిలబడి ఉన్నారు. అతను ఎండుకట్టెలా ఉన్నాడు గానీ తన కాళ్ల మీద తానే నిలబడ్డాడు. భూలి ముందుకు వచ్చి కొంగు ముడి విప్పి, నలిగిపోయిన చీటీ చంద్రమ్మ చేతిలో పెట్టింది.

"దవాఖానల ఉన్నన్ని దినాలు నా కొంగుకే కట్టుకున్న అక్కా. పారేయబుద్ధి గాలే," అన్నది.

హర్యా పాస్టరును పిలిచాడు. "సారూ, నాకొక చీటీ రాసిస్తవా?"

"ఎవరి పేరు రాయమంటావు?"

"చంద్రమ్మక్క పేరు. మీ ప్రార్థన నాకు రాదు. పొద్దున షట్టర్ తిప్పేటప్పుడు మా తండా దేవుడు సేవాలాల్ మారాజ్‌కు చెప్పుకుంట."

రాజారత్నం ఒక్క క్షణం తటపటాయించాడు. ముప్ఫై మూడు ఇళ్ల మనుషులూ ఆయన వైపే చూస్తున్నారు. జేబులోంచి కాగితం తీసి, చించి, మోకాలి మీద పెట్టుకొని పేరు రాసి ఇచ్చాడు. హర్యా దాన్ని రెండు చేతులతో అందుకున్నాడు.

"ఏమని అడగాలె అక్కా నీ కోసం?" అన్నాడు.

అందరి కోసం అడిగే చంద్రమ్మను ఆ మాట అంతవరకూ ఎవరూ అడగలేదు. చేను గుర్తొచ్చింది, కొడుకు గుర్తొచ్చాడు, ఎర్రబడిపోయిన ఆరు గుంటలు గుర్తొచ్చాయి.

"ముందుగాల నా నోరు జర మంచిగ జేయమని అడుగు," అన్నది. "నీళ్ల సంగతంటవా, నువ్వున్నవ్ గద."

గుడంతా నవ్వింది. హర్యా తలకు చుట్టిన రుమాలు విప్పి, దాని కొసన ఆ చీటీని ముడివేసి, మళ్లీ తలకు చుట్టుకున్నాడు.